తలలో షంట్, పొట్టలో నీటి సంచి: సూదితో తీయించాలా, ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న

ఈసారి ఉత్తరం ఒక తల్లి రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం కాబట్టి నా మాటల్లో కుదించి చెబుతాను.

వాళ్ల బాబుకి ఆరేళ్లు. నెలలు నిండకుండా పుట్టాడు, పుట్టిన కొద్దిరోజులకే మెదడులో రక్తస్రావమైంది, దాని తర్వాత తలలో నీరు చేరడం మొదలైంది. మూడో నెలలో షంట్, అంటే ఆ నీటిని పొట్టలోకి దించే ట్యూబ్ వేశారు. ఎనిమిదో నెలలో గజ్జల్లో హెర్నియా వచ్చి ఇంకో ఆపరేషన్. మూడో ఏట ట్యూబ్ మూసుకుపోయి షంట్ మార్చారు. అప్పట్నుంచీ ఏ గొడవా లేదు, బడికి వెళ్తున్నాడు, ఆడుకుంటున్నాడు, ఇంట్లో అందరూ షంట్ సంగతే దాదాపు మర్చిపోయారు.

నెల కిందట నిక్కరు బొత్తాం పట్టట్లేదని ఆవిడ గమనించారు. తిండి తగ్గింది, పొట్ట మాత్రం పెరుగుతోంది. అప్పుడప్పుడు నొప్పి అంటాడు, కాసేపటికి మర్చిపోయి ఆడుకుంటాడు. దగ్గర్లో చూపిస్తే మొదట గ్యాస్ అన్నారు, తర్వాత నులిపురుగులన్నారు, తర్వాత మలబద్ధకం అన్నారు. షంట్ ఉందని చెబితే ‘అది తలకి సంబంధించింది కదమ్మా’ అన్నారట. చివరికి ఆవిడే పట్టుబట్టి అల్ట్రాసౌండ్ చేయిస్తే, ట్యూబ్ చివర చుట్టూ పెద్ద నీటి సంచి కనిపించింది. రిపోర్టులో సూడోసిస్ట్ అని రాశారు.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబుతున్నారు. న్యూరోసర్జన్ గారేమో ట్యూబ్ కింది భాగాన్ని బయటికి తీసి, కొన్నాళ్లు నీటిని బయట సంచిలోకి పోనిచ్చి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఆ తర్వాత మళ్లీ వేద్దాం, రెండు మూడు వారాలు ఆస్పత్రిలో ఉండాలి అన్నారు. ఇంకో సర్జన్ గారు సూదితో నీరు లాగేసి చూద్దాం, తగ్గితే తగ్గుతుంది అన్నారు. బాబు నాన్న సూదికే ఓటేశారు. ‘వాడి ఒంటి మీద కొయ్యని చోటెక్కడ మిగిలింది’ అని అడుగుతున్నారట. ఆవిడకి ఎటూ తేలట్లేదు. గ్యాస్ అనుకుని పొట్ట గట్టిగా నొక్కి రుద్దేదాన్ని, అందువల్లే ఇలా అయిందా అని ఒక భయం. ట్యూబ్ పేగుల్ని చీల్చుకుని కిందనుంచి బయటికి వస్తుందని నెట్‌లో చదివి ఇంకో భయం.

ఉత్తరం చివర్లో, సంతకం పెట్టబోతూ రాసినట్టుగా రెండు వాక్యాలున్నాయి: ‘ఈ మధ్య బడి నుంచి రాగానే పడి నిద్రపోతున్నాడు, ఈ వారంలో రెండుసార్లు పొద్దున్నే వాంతి చేసుకున్నాడు. సాయంత్రం ఒళ్లు కాస్త వెచ్చబడితే పారాసెటమాల్ వేస్తున్నాను, అవేం పెద్ద విషయాలు కావులెండి.’

జవాబు

నేను మొదలుపెట్టేది ఆ చివరి రెండు వాక్యాల దగ్గరే. మిగతా ఉత్తరమంతా పొట్ట గురించి రాశారు, తల గురించి ఏమీ లేదు. కానీ షంట్ ఉన్న పిల్లాడు పొద్దున లేవగానే వాంతి చేసుకుంటున్నాడు, ఎప్పుడూ లేనిది పగలు మత్తుగా పడుకుంటున్నాడు, సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతోంది అంటే నా దృష్టిలో అవి చాలా పెద్ద విషయాలు. మొదటి రెండూ తలలో ఒత్తిడి పెరుగుతోందేమో అనిపించే లక్షణాలు. మూడోది ఇన్ఫెక్షన్ ఉందేమో అనిపిస్తుంది. నేను బాబుని చూడలేదు, రెండూ కాకపోవచ్చు కూడా. కాకపోతే అందరికంటే సంతోషించేది నేనే. కానీ అది తేల్చాల్సింది ఇంట్లో కూర్చుని కాదు. ఇచ్చిన తేదీ వచ్చేదాకా ఆగకండి, ఇవాళే ఆ న్యూరోసర్జన్ గారికి ఫోన్ చేసి సరిగ్గా ఈ మూడు మాటలే చెప్పండి. ఫోన్‌కి దొరక్కపోతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. లేపితే లేవలేనంత మత్తు, ఆగని వాంతులు, ఫిట్స్, చూపు తేడాగా ఉండటం, కళ్లు పైకి ఎత్తలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోన్ కోసం కూడా ఆగొద్దు. వెళ్లినప్పుడు పారాసెటమాల్ ఎప్పుడు వేశారో, ఎంత వేశారో చెప్పండి, ఎందుకంటే మీరు మందు వేసి జ్వరం తగ్గించి తీసుకెళ్తే అక్కడ చూసేవాళ్లకి జ్వరమే లేనట్టు కనిపిస్తుంది.

మీరు ఇది చదివి వెళ్లే తయారీలో ఉన్నారనుకుని మిగతాది చెబుతాను.

‘అది తలకి సంబంధించింది’ అన్న మాట దగ్గరే అసలు పొరపాటుంది. మెదడులో రోజంతా నీరు తయారవుతూనే ఉంటుంది, పెద్దవాళ్లలో అయితే రోజుకి సుమారు అర లీటరు, పిల్లల్లో అంతకంటే కొంత తక్కువ. మామూలుగా అది మెదడు చుట్టూ తిరిగి రక్తంలోకి ఇంకిపోతుంది. మీ బాబుకి ఆ దారి రక్తస్రావంతో పాడైంది, అందుకే తలలోంచి చెవి వెనక వాల్వ్ గుండా, మెడ, ఛాతీ చర్మం కింద నుంచి పొట్టలోకి ట్యూబ్ వేశారు. పొట్ట లోపల పెరిటోనియం అనే పల్చటి పొర ఉంటుంది, దాని పనుల్లో నీటిని పీల్చుకోవడం ఒకటి. షంట్‌లు బాగా వాడుకలోకి వచ్చిన తొలిరోజుల్లో, అంటే 1950ల చివర్లో, ట్యూబ్ చివరని ఎక్కువగా గుండెలోకి పంపేవాళ్లు. తర్వాత తర్వాత పొట్టే మేలని తేలింది. పొట్టలో బోలెడంత చోటుంటుంది, పిల్లాడు పొడుగు పెరిగినా సరిపోయేలా ట్యూబ్‌ని కాస్త ఎక్కువే వదలొచ్చు, ఏదైనా తేడా వచ్చినా గుండెలో వచ్చినంత ప్రమాదం కాదు. మొత్తానికి మీ బాబుకి తలా పొట్టా ఒకే గొట్టానికి రెండు చివరలు. ఒక చివర ఏం జరిగినా రెండో చివర మీద పడుతుంది. పొట్ట నొప్పి అని వచ్చిన షంట్ పిల్లాడికి షంట్ సంగతి చూడకుండా గ్యాస్ మందు ఇచ్చి పంపడం నాకు నచ్చదు. అయితే ఒకమాట, పొట్టలో వచ్చే షంట్ ఇబ్బందులు నిజంగానే అరుదు, చాలామంది డాక్టర్లు తమ జన్మలో ఒక్క కేసు కూడా చూడకపోవచ్చు. ఆ మాటన్న డాక్టర్ మీద కోపం తర్వాత పడొచ్చు. పట్టుబట్టి స్కాన్ చేయించింది మీరు, ఆ పట్టుదలే ఇప్పుడూ కావాలి.

సూడోసిస్ట్ అంటే గడ్డ కాదు, క్యాన్సర్ అంతకన్నా కాదు. ట్యూబ్ చివర దగ్గర పొట్ట పొరకి ఏదో చిరాకు కలిగి వాపు వస్తుంది. శరీరం అక్కడ ఒక గోడ కట్టేస్తుంది. చుట్టుపక్కల పేగులు, పొరలు అతుక్కుని ఒక గది తయారవుతుంది. తల నుంచి వచ్చే నీరు ఇంకే చోటు లేక ఆ గదిలోనే నిండుతుంది. మామూలు సిస్టులకి లోపల సొంత పొర ఉంటుంది, దీనికి ఉండదు, అందుకే దానికా పేరు. గదిలో చోటున్నంతకాలం తల నుంచి నీరు దిగుతూనే ఉంటుంది కాబట్టి తలనొప్పి, వాంతులు ఏవీ ఉండవు, పొట్ట మాత్రం పెరుగుతుంది. మీ బాబు నెలంతా ఆడుకుంటూ తిరిగింది అందుకే అయ్యుండాలి. గది నిండి ఒత్తిడి పెరిగాక నీరు దిగడం నెమ్మదిస్తుంది, అప్పుడు తల లక్షణాలు మొదలవుతాయి. పిల్లల్లో చాలాసార్లు పొట్ట లక్షణాలే ముందు కనిపిస్తాయి. ఈ మధ్య వచ్చిన వాంతులు, మత్తు నన్ను కంగారు పెట్టడానికి కారణం ఇదే, మీరు చెప్పిన వరుస అచ్చం ఇలాగే ఉంది.

ఇక మీ తప్పు గురించి. పొట్ట రుద్దితే సూడోసిస్ట్ రాదు. పరిగెత్తినా రాదు, సైకిల్ మీద నుంచి పడినా రాదు, నులిపురుగుల మందు వల్లా రాదు. తెలిసిన కారణాలు వేరే ఉన్నాయి: షంట్‌లో నెమ్మదిగా సాగే ఇన్ఫెక్షన్, అంతకుముందు షంట్ మార్చిన ఆపరేషన్లు, పొట్టలో జరిగిన వేరే ఆపరేషన్లు, వాటివల్ల లోపల ఏర్పడిన అతుకులు. మీ బాబుకి మూడో ఏట షంట్ మార్చారు, అది లెక్కలోకి వస్తుంది. మీరు వేరే జబ్బులా రాసిన హెర్నియా కూడా ఈ కథలోదే కావచ్చు. నెలల పిల్లల్లో గజ్జల్లోని సన్నటి దారి ఇంకా పూర్తిగా మూసుకోదు, షంట్ వేశాక పొట్టలో చేరే నీరు, దాని ఒత్తిడి వల్ల అక్కడ హెర్నియా గానీ బీజాల చుట్టూ నీరు చేరడం గానీ రావడం మామూలే. ఒక్కోసారి ట్యూబ్ చివర కూడా ఆ దారిలోకి జారుతుంది. అప్పట్లో మీకెవరూ ఆ రెండింటికీ ముడిపెట్టి చెప్పినట్టు లేదు. ఇక ముందు పొట్ట నొక్కకండి, నొప్పి ఉన్న పిల్లాడి పొట్ట ఎందుకు నొక్కడం, అంతే. జరిగినదానికి మాత్రం మీ చేతులు కారణం కాదు.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్ల సంగతి. వాళ్లు ఒకరికొకరు విరుద్ధంగా చెబుతున్నారని మీరనుకుంటున్నారు. ఇద్దరికీ ముందు కావాల్సిన జవాబులు మాత్రం ఇవే అని నాకనిపిస్తోంది: ఆ సంచిలో నీటికి ఇన్ఫెక్షన్ ఉందా, లేదా? షంట్ ఇంకా పనిచేస్తోందా, ఆగిందా? ఇవి తేలకుండా సూదా, ఆపరేషనా అని ఇంట్లో వాదించుకోవడం వల్ల రోజులు గడవడం తప్ప ఏమీ రాదు. మీ ఉత్తరంలో అల్ట్రాసౌండ్ తప్ప ఇంకే పరీక్షా కనపడలేదు. తలకి స్కాన్ తీసి పాత స్కాన్‌తో పోల్చాలి, ట్యూబ్ ఎక్కడైనా తెగిందా, ఊడిందా అని తల నుంచి పొట్టదాకా ఎక్స్‌రేలు తీయాలి, రక్తపరీక్షలు చేయాలి, షంట్‌లోంచి గానీ సంచిలోంచి గానీ కొద్దిగా నీరు తీసి కల్చర్‌కి, అంటే అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి పంపాలి. ఈ కల్చర్ దగ్గర ఓపిక పట్టాలి. షంట్‌లని పట్టుకునే క్రిములు చాలావరకు మన చర్మం మీద బతికే సాధువుల్లాంటి క్రిములే, జ్వరం పెద్దగా రానివ్వవు, ల్యాబ్‌లో కూడా నిదానంగా పెరుగుతాయి, కొన్నిటికి వారం, పది రోజులు దాటుతుంది. రెండు రోజులకి ‘ఏమీ లేదు’ అని రిపోర్ట్ వచ్చినంతమాత్రాన ఇన్ఫెక్షన్ లేదని సర్జన్ ఒప్పుకోకపోతే అది ఆయన మొండితనం అనుకోకండి. సూడోసిస్టుల్లో కొన్నిటిలో క్రిములు దొరుకుతాయి, కొన్నిటిలో ఎంత వెతికినా దొరకవు. బాబుకి ఒళ్లు వెచ్చబడుతోంది కాబట్టి మీ విషయంలో ఉందనే అనుమానంతోనే మొదలుపెడతారు.

సూది దారి ఎటు వెళ్తుందో చూద్దాం. స్కాన్ చూస్తూ సూదితో నీరు లాగేస్తారు, అదే రోజు పొట్ట తేలికవుతుంది, బాబు తింటాడు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కల్చర్‌కి నీరు కూడా దొరుకుతుంది. కొంతమందికి ఇది సరిపోయిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి ఆ సర్జన్ గారు గాల్లోంచి చెప్పిన మాట కాదు. చిక్కేమిటంటే, ట్యూబ్ అదే గదిలో ఉంది, పైనుంచి నీరు వస్తూనే ఉంది, పంపు కట్టకుండా తొట్టి తోడినట్టు అన్నమాట. మళ్లీ నిండే అవకాశమే ఎక్కువ. ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం సూది దాన్ని ఏమీ చేయదు, అది ట్యూబ్ మీద పొరలా అంటుకుని కూర్చుంటుంది, ఆ పొరలోకి మందులు కూడా సరిగా చొరబడవు, మెల్లగా పైకి మెదడు దాకా పాకొచ్చు. ఇన్ఫెక్షన్ ఏ కోశానా లేదని తేలి, తల స్కాన్ బాగుండి, పిల్లాడు హుషారుగా ఉండి, రోజూ దగ్గర్నుంచి చూసే ఏర్పాటు ఉంటే సూది గురించి ఆలోచించొచ్చు. మీరు రాసిన లక్షణాలు చూస్తే మీ బాబు ఆ కోవలోకి వస్తాడని నాకు నమ్మకం కలగట్లేదు. నీరు పరీక్షకి తీయడానికో, మరీ ఆయాసపడుతుంటే ఆపరేషన్ లోపు ఉపశమనానికో సూది వాడితే అది వేరే సంగతి. న్యూరోసర్జన్ గారికి తెలియకుండా మాత్రం ఎవరి చేతా ఆ సూది వేయించకండి.

రెండో దారి, ట్యూబ్ బయటికి తీయడం. వినడానికి భయంగా ఉంటుంది గానీ ఆ పని సాధారణంగా చిన్న కోతతోనే అయిపోతుంది. ఎక్కువగా ఛాతీ మీద, కాలర్ ఎముక కింద ట్యూబ్‌ని పట్టుకుని బయటికి తెస్తారు, నీరు ఒక సంచిలోకి పోతుంది. పొట్టలోకి నీరు రావడం ఆగితే లోపలి సంచి చాలాసార్లు దానంతట అదే ఇంకిపోతుంది, దాన్ని కోసి తీయాల్సిన పని మామూలుగా ఉండదు. ఇది మీ వారికి తప్పకుండా చెప్పండి, ఆయన భయపడుతున్నది పొట్ట కోసేస్తారనేమో. ఇన్ఫెక్షన్ గట్టిగా తేలితే పాత షంట్ మొత్తం తీసేసి, తల నుంచి నేరుగా బయటికి తాత్కాలిక ట్యూబ్ పెట్టొచ్చు. అప్పుడు ఆస్పత్రిలో ఉండేది పెరుగుతుంది, ఎందుకంటే నీరు శుభ్రంగా ఉందని కల్చర్లు వరసగా చెప్పేదాకా కొత్త షంట్ వేయరు. ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. బయట ట్యూబ్ ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ దాని గుండా కొత్త ఇన్ఫెక్షన్ వచ్చే వీలుంది, పిల్లాడు కదిలితే లాగేసుకునే ప్రమాదం ఉంది, మీలో ఒకరు ఎప్పుడూ పక్కనే ఉండాలి. రెండు మూడు వారాలంటే మూడు నాలుగు అయినా ఆశ్చర్యపోకండి, దానికి తగ్గట్టు సెలవులు, ఇంట్లో ఏర్పాట్లు ముందే చూసుకోండి.

ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది, కొత్త ట్యూబ్ చివర ఎక్కడ పెట్టాలి? ఇది ఇప్పుడే అడిగి పెట్టుకోండి. మళ్లీ పొట్టలోనే, వేరే చోట పెట్టొచ్చు. ఒకసారి సూడోసిస్ట్ వచ్చినంతమాత్రాన పొట్ట పనికిరాదని కాదు, వాపు తగ్గాక చాలామంది పిల్లల్లో పొట్ట మళ్లీ నీరు పీల్చుకుంటుంది. కావాలంటే ల్యాప్రోస్కోపీతో లోపల చూస్తూ, అతుకులు విడదీసి మంచిచోట వదలొచ్చు. మళ్లీ సంచి కట్టే అవకాశం మాత్రం ఉంటుంది, పూర్తిగా పోదు. పొట్ట కుదరదనుకుంటే మెడలోని సిర గుండా గుండె పై గదిలోకి పంపుతారు. అక్కడ నీరు నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి పీల్చుకునే సమస్యే లేదు, కానీ ఇన్ఫెక్షన్ వస్తే అదీ నేరుగా రక్తంలోకే, రక్తం గడ్డలు కట్టొచ్చు, ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీలకి ఇబ్బంది రావొచ్చు, పైగా ఆరేళ్లవాడు ఇంకా ఎంతో పెరగాలి, పెరిగేకొద్దీ ట్యూబ్ చివర పైకి జరిగిపోతుంది, పొడవు మార్చాల్సి వస్తుంది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలోకి పంపడం ఇంకొకటి, అక్కడ నీరు నిలిచిపోతే ఆయాసం వస్తుంది, అందుకే చిన్నపిల్లల్లో వెనకాడతారు. ఏదీ కుదరనప్పుడు పిత్తాశయంలోకి కూడా వేస్తారు, అంతదూరం వెళ్లేవాళ్లు చాలా తక్కువ.

అసలు షంటే లేకుండా చేయలేరా అని మీ వారు తప్పకుండా అడుగుతారు, అడగాల్సిందే. ఎండోస్కోప్‌తో మెదడు లోపలే ఒక చిన్న రంధ్రం చేసి నీటికి కొత్త దారి ఇచ్చే ఆపరేషన్ ఉంది, ఈటీవీ అంటారు. దారి ఒకచోట ఇరుకై మూసుకుపోయిన పిల్లల్లో అది బాగా పనిచేస్తుంది. నెలల పిల్లల్లో కంటే ఏడాది దాటినవాళ్లలో మెరుగు. మీ బాబు వయసు దానికి అనుకూలమే, కానీ రక్తస్రావం తర్వాత వచ్చిన సమస్య కాబట్టి కారణం అంత అనుకూలం కాదు. ఎమ్మారై చూసి న్యూరోసర్జన్ చెప్పాల్సిన మాట. ‘వీడికి ఈటీవీ ఎందుకు పనికొస్తుంది లేదా ఎందుకు పనికిరాదు’ అని అడిగితే వచ్చే జవాబు మీకు చాలా విషయాలు విప్పుతుంది. కొత్త షంటే వేస్తే యాంటీబయాటిక్ పట్టించిన ట్యూబ్ వేస్తారా అని కూడా అడగండి. బ్రిటన్, ఐర్లండ్ ఆస్పత్రుల్లో 1,600 మందికి పైగా రోగుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2019లో వచ్చింది, అందులో మామూలు ట్యూబ్ వేసినవాళ్లలో ఇన్ఫెక్షన్ సుమారు 6 శాతం ఉంటే, యాంటీబయాటిక్ ట్యూబ్ వేసినవాళ్లలో సుమారు 2 శాతం ఉంది. ఒకసారి దెబ్బతిన్న పిల్లాడి విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

ఏమీ చేయకుండా కొన్నాళ్లు చూద్దాం అనేది కూడా ఒక దారే కదా అని మీరడగలేదు గానీ, నిర్ణయం తేలక రోజులు గడుస్తుంటే తెలియకుండానే మీరున్నది ఆ దారిలోనే. మీ బాబుకి ఉన్న లక్షణాలతో అది ఒక్కటీ నేను వద్దంటాను. షంట్ పనిచేయడం ఆగితే కొందరు పిల్లలకి గంటల్లోనే పరిస్థితి మారిపోతుంది.

మీ వారి గురించి రాసింది రెండుసార్లు చదివాను. కొయ్యని చోటెక్కడుంది అనడంలో మొండితనం కంటే పిల్లాడి బాధ చూడలేకపోవడమే నాకు ఎక్కువ కనిపించింది. మీరు ఆస్పత్రి నుంచి వచ్చి డాక్టర్ ఏమన్నారో ఆయనకి చెబుతున్నారు, ఆయన కాదంటే మీరు డాక్టర్ తరఫున వాదించాల్సి వస్తోంది, అది మీకు అలవికాని పని. ఈసారి ఇద్దరూ వెళ్లండి, ఆయన సందేహాలు ఆయన్నే అడగనివ్వండి. సూది చాలదని సర్జన్ ఎందుకనుకుంటున్నారు, కల్చర్‌లో ఏమీ రాకపోతే ప్లాన్ మారుతుందా, మొత్తం ఎన్ని ఆపరేషన్లు అవ్వొచ్చు, ఇవన్నీ ఆయన నోటితోనే అడగాలి. కుదిరితే ఆ సర్జన్ గారికీ న్యూరోసర్జన్ గారికీ మధ్య ఒక్క ఫోన్ మాట్లాడించండి. ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా తల్లిదండ్రుల ద్వారా మాట్లాడుకుంటే ఇలాంటి గందరగోళాలే మిగులుతాయి. అన్నీ విన్నాక కూడా తేలకపోతే మూడో అభిప్రాయం అడగడంలో తప్పులేదు, కాకపోతే అది పిల్లల షంట్‌లు తరచూ చూసే న్యూరోసర్జన్ దగ్గరే అయ్యుండాలి, బాబు ఆస్పత్రిలో, కళ్లముందు ఉండగానే అడగాలి.

నెట్‌లో చదివిన ట్యూబ్ కథ నిజమే. ట్యూబ్ చివర పేగు గోడని ఒరుసుకుంటూ ఎప్పటికో లోపలికి దిగడం, మలద్వారం దగ్గర కనిపించడం, ఇంకా అరుదుగా నోట్లోంచి రావడం వైద్య పుస్తకాల్లో ఉంది. షంట్ వేసినవాళ్లలో ఒక శాతం కంటే తక్కువ మందిలో జరుగుతుంది. విచిత్రం ఏమిటంటే చాలామంది పిల్లలకి అప్పుడు పొట్ట నొప్పి కూడా ఉండదు, డైపర్ మారుస్తుంటేనో స్నానం చేయిస్తుంటేనో అమ్మ చూస్తుంది. అలా కనిపిస్తే దాన్ని లాగకూడదు, లోపలికి నెట్టకూడదు, కత్తిరించకూడదు. శుభ్రమైన గుడ్డ చుట్టి నేరుగా న్యూరోసర్జరీ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి, పేగుల్లోని క్రిములు ట్యూబ్ పట్టుకుని మెదడుకి ఎక్కే ప్రమాదం ఉంటుంది కాబట్టి. డాక్టర్లు పై భాగాన్ని వేరుచేసి, మురికైన చివరని కిందనుంచే తీసేస్తారు, చాలామందికి పొట్ట తెరవక్కర్లేకుండానే. మీ బాబు స్కాన్‌లో ట్యూబ్ చివర సంచిలో ఉందని రాశారు కాబట్టి ఇప్పటికి ఈ భయం పక్కన పెట్టండి. ఆకుపచ్చ వాంతులు, పొట్ట బిగుసుకుని మలం, గాలి ఏదీ రాకపోవడం కనిపిస్తే మాత్రం పేగు మెలిక పడిందేమో చూడాలి, అదీ ఎమర్జెన్సీయే. ఇక మలబద్ధకం నిజంగా ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి, పొట్టలో ఒత్తిడి పెరిగి షంట్ నీరు సరిగా దిగకపోవడం అప్పుడప్పుడు జరుగుతుంది.

ఇదంతా అయ్యాక ఒక పని చేయండి. బాబు బాగున్నప్పుడు తీసిన తల స్కాన్ ఒకటి, వాల్వ్ పేరు, రకం, అది బయటినుంచి అమరిక మార్చగలిగే రకమైతే ఆ అంకె, ఎప్పుడెప్పుడు ఏం మార్చారో, అన్నీ ఫోన్‌లో ఒకేచోట పెట్టుకోండి. బాగున్నప్పటి స్కాన్ లేకపోతే బాగోలేనప్పటి స్కాన్ చూసి ఎవరూ గట్టిగా ఏమీ చెప్పలేరు. రేపెప్పుడైనా అపెండిక్స్ అనో ఇంకేదో అనో పొట్ట ఆపరేషన్ అవసరమైతే, కత్తి పట్టుకునే ముందే సర్జన్‌కి షంట్ ఉందని తెలియాలి. బళ్లో టీచర్‌కి కూడా రెండు ముక్కలు చెప్పి ఉంచండి: తలనొప్పి, వాంతి, మత్తు, పొట్ట నొప్పి, వీటిలో ఏదున్నా ఇంటికి ఫోన్ చేయాలి, పడుకోబెట్టి చూద్దాం అనుకోకూడదు.

బాబు ‘నా పొట్ట పగిలిపోతుందా’ అని అడిగాడని రాశారు, ఏం చెప్పాలో తెలియక మాట మార్చేశానన్నారు. ఆరేళ్లవాడికి నిజం చెప్పొచ్చు. పగిలిపోదని, పొట్టలో నీరు ఎక్కువైందని, కొన్నాళ్లు ఆ నీరు బయట సంచిలోకి వెళ్తుందని, అప్పుడు ట్యూబ్ లాగకూడదని, నొప్పి వస్తే నర్సుకి చెబితే మందు ఇస్తారని చెప్పండి. అస్సలు నొప్పే ఉండదని మాత్రం చెప్పకండి. ఆస్పత్రిలో ఆ సంచి ఎంత ఎత్తులో ఉండాలో నర్సు కొలిచి పెడతారు, దాన్ని మీ అంతట మీరు ఎత్తకండి, దించకండి, బాబుని కూర్చోబెట్టాలన్నా మంచం తలవైపు ఎత్తాలన్నా ముందు వాళ్లని పిలవండి, మీరు లేనప్పుడు పక్కన కూర్చునే వాళ్లకి కూడా ఇదే చెప్పి వెళ్లండి.